బొంత, నూలు, 6×4 అడుగులు, నీలం-3

గడువు 30 రోజులు

నీటిమట్టం 2.14. గాలి తూర్పు. వివరం: ఏమీ లేదు.

ఆరింటికి కరకట్ట మీద కొలబద్ద చూసి అంకె పంపాను. స్తంభం మీది బూరలో నా అంకె నాకే వినిపించింది. "ఏడో మేట, రెండు పాయింటు ఒకటి నాలుగు, వివరం ఏమీ లేదు." నీళ్ళ మధ్య మిగిలిన నలభై మేటల్లోనూ అదే నిమిషానికి అదే వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇది నా పని.

ఇంటికొచ్చి పలక తెరిస్తే సంత నుంచి నోటీసు. సంతలో అమ్మే వస్తువుల టైటిళ్ళకి కొత్త నియమాలు. ఎనిమిది మాటలు మించకూడదు. ముందు వస్తువు, తర్వాత పదార్థం, కొలత, రంగు. రంగులు ఇరవై నాలుగే, వాళ్ళ పట్టికలో ఉన్నవే. మనుషుల పేర్లు ఉండకూడదు. వస్తువుకి సంబంధం లేని మాట ఏదీ ఉండకూడదు. నెల రోజుల్లో మార్చకపోతే లిస్టింగులు తీసేస్తారు. అమ్ముడైపోయినవి కూడా.

మా లిస్టింగులు 163. అన్నీ హైమవి. హైమ నా భార్య. పోయి నాలుగు నెలలైంది.

ఆమె బొంతలు కుట్టేది. సముద్రం లోపలికొచ్చాక ఇటువైపు పత్తి పండలేదు. నూలంటే పాత చీరలే. ఏడో మేటలో ఎవరైనా పోతే వాళ్ళ బట్టలు తెచ్చి మా గుమ్మంలో పెట్టేవాళ్ళు. హైమ వాటిని బొంతగా కుట్టి వేరే మేటకి అమ్మేది. టైటిల్లో ఆ పోయిన మనిషి పేరు పెట్టేది.

దీని మీద మేమిద్దరం ఇరవై ఏళ్ళు వాదించుకున్నాం.

"కొనేవాడికి ఎవరి చీరైతే ఏం? పొడవు వెడల్పులు పెట్టు" అనేవాణ్ణి.

"మనిషికి పొడవు వెడల్పులు పెడతారుటండీ?"

"ఇది బొంత."

"మీకు నీళ్ళు కొలవడం వచ్చు. అది చాలు, చేసుకోండి."

ఇప్పుడు నా మాటే నియమమైంది. చెప్పుకోవడానికి మనిషి లేదు.

నోటీసు కింద "సరిచేయి" అని బటన్ ఉంది. నొక్కితే సంతే టైటిల్ మార్చేస్తుంది. మార్చే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది: "పాత టైటిల్ మళ్ళీ రాదు. చదివారా?" కింద "చదివాను" అని ఉంటుంది. మొదటి పేజీలో కొత్తవి ముప్పై ఎనిమిది వచ్చాయి. ముప్పై ఎనిమిదిసార్లు "చదివాను" నొక్కాను. పావుగంట పట్టింది. మిగతావి రేపు చూడొచ్చని అన్నం వండుకున్నాను.

గడువు 29 రోజులు

నీటిమట్టం 2.14. వివరం: ఏమీ లేదు.

పైడయ్య వచ్చాడు. ఉప్పుమడుల్లో పనిచేసి మానేసిన మనిషి, డెబ్భై దాటాయి. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటి బాబూ, మా ఇంటిది సంతలో కనపడ్డం నేదు."

ఏ వస్తువని అడిగాను.

"వస్తువు కాదు బాబూ. మా సింహాలు."

అతని భార్య సింహాలు పోయి రెండేళ్ళు. ఆమె చీరల బొంత అప్పుడే పన్నెండో మేటకి అమ్ముడైపోయింది. అమ్ముడైపోయినదాన్ని ఎందుకు వెతుకుతున్నావని అడిగాను.

అతను నన్ను చూసిన చూపులో కోపం లేదు. వయసులో పెద్దవాడు చిన్నవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"శుక్రారం శుక్రారం జుబేదా టీ బల్ల కాడికి ఎల్తాను. ఆ పెద్ద పలకలో మా సింహాలు పేరు చదివిస్తాను. ఇంటాను. టీ తాగి వచ్చేస్తాను. మరెక్కడికి ఎల్తాం బాబూ మనం?"

నిజమే. మేటల్లో పాతిపెట్టడానికి నేల లేదు. ఎండని ఒకచోటికి తెచ్చే అద్దాల కొలిమిలో కాల్చి ఆ బూడిదని సున్నంలో కలిపి కరకట్టకి పూస్తారు. అందరూ కట్టలోనే ఉంటారు. ఎవరు ఎక్కడున్నారో తెలియదు. పేరు రాయడానికి చోటు లేదు.

నేను రోజూ నడిచేది ఆ కట్ట మీదే. జనం సంతలో ఆ పేర్ల దగ్గరికి వెళ్తారని నాకు తెలియకపోవడం గురించి ఏం రాయాలో తెలియడం లేదు.

అతనితో కలిసి పలక తెరిచాను. "బొంత, నూలు, 5×4 అడుగులు, పసుపు-1" అని ఉంది.

"ఇదేటి?" అన్నాడు.

నేను నొక్కానని చెప్పాను.

పలక మీద ఆ వరసని వేలితో తాకి చూశాడు. తర్వాత, "పోన్లే బాబూ. నీకు మాత్రం మనసు నిమ్మళంగా ఉందా ఏటి" అని కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

గడువు 28 రోజులు

నీటిమట్టం 2.16. వివరం: ఏమీ లేదు.

ప్రతి లిస్టింగు కింద ఎంతమంది చూశారో ఒక అంకె ఉంటుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ అంకెలు చదివాను. తొమ్మిదేళ్ళ కిందట అమ్ముడైపోయిన బొంతకి 4,112 సందర్శనలు. పదిహేనేళ్ళ నాటిదానికి 6,030. నిన్న కూడా ఎవరో వచ్చి వెళ్ళారు.

సంత ప్రతినిధి ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళ పిల్ల. బల్ల నిండా సీలు వేయాల్సిన పెట్టెలు.

"పాత టైటిళ్ళు తిరిగి రావు అంకుల్. నొక్కేముందు అడుగుతుంది కదా, చదివారా అని."

"అడిగింది."

"మరి?"

ఆమె పెట్టె పక్కన పెట్టింది.

"హైమాంటీ మా నాయనమ్మకి కూడా కుట్టింది. అది నొక్కలేదు కదా?"

ఇంకా లేదన్నాను. ఆ అమ్మాయి ముఖం చూసి, ఇంటికొచ్చి మిగతా 125 టైటిళ్ళూ ఈ లాగ్ వెనక పేజీల్లో చేత్తో రాసుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రానికి నలభై అయ్యాయి. వేలు నొప్పి పుట్టింది.

ఒకటి ఇక్కడ రాస్తాను. "బడి పంతులు సోమనాథం గారి పంచెలు నాలుగు. సుద్ద మరకలు పోలేదు, పోగొట్టలేదు."

గడువు 26 రోజులు

నీటిమట్టం 2.13. వివరం: ఏమీ లేదు.

నేను చెరిపేసిన ముప్పై ఎనిమిదిని మళ్ళీ సంపాదించాలి. టీ బల్ల నడిపే జుబేదా సాయం పట్టింది. హైమకి ఆమె ప్రాణస్నేహితురాలు. బల్ల దగ్గరికి ఎవరొచ్చినా, "మీ ఇంటి టైటిల్ దివాకరన్నకి చెప్పి పోండి, టీ తర్వాత" అని నన్ను చూపిస్తోంది.

అందరికీ కంఠతా వచ్చు. నేను ఊహించలేదు.

వంటశాల మేరమ్మ కూతుళ్ళు ముగ్గురూ కలిసి వచ్చారు.

"వంటశాల మేరమ్మ ఏడు చీరల బొంత. ముగ్గురు పడుకోవచ్చు" అని పెద్దమ్మాయి.

"పడుకోవచ్చు కాదక్కా, ముగ్గురూ పడతారు."

"పడతారంటే కింద పడతారనా? ఆంటీ అలా రాస్తుందా?"

"నువ్వు వారానికోసారి వింటావు. నేను రోజూ వింటాను."

"రోజూ వినేదానివి అమ్మ బతికుండగా ఒక్కరోజు గిన్నె కడిగావా?"

మూడో అమ్మాయి మధ్యలోకి వచ్చింది. "ముగ్గురు పడతారు, సర్దుకుంటే. ఆఖర్న 'సర్దుకుంటే' అని ఉంది. అది మన గురించే రాసింది" అంది. ఇద్దరూ ఆగిపోయారు. నేను అలాగే రాసుకున్నాను.

ఈ రోజుకి పదకొండు దొరికాయి.

గడువు 23 రోజులు

నీటిమట్టం 2.12. వివరం: ఏమీ లేదు.

ఇరవై ఆరు దొరికాయి.

జుబేదా తన చెల్లెలిది చెప్పింది. గ్లాసులు కడుగుతూ, నా వైపు తిరక్కుండా చెప్పింది.

"నవ్వు ఆపుకోలేని రుక్సానా చున్నీలు పదకొండు. పలచన, వేసవికి."

రాసుకున్నాను.

"అన్నా, రాసుకుని ఏం చేస్తావు? సంతలో పెట్టనివ్వరు కదా."

తెలియదన్నాను. అది నిజం. పుస్తకంలో రాసుకుంటే నా దగ్గర ఉంటాయి. పైడయ్యకి చదువు రాదు. అతనికి వినిపించాలి.

గడువు 21 రోజులు

నీటిమట్టం 2.12. వివరం: ఏమీ లేదు.

ఎవరు ఎప్పుడు పోయారో ఏమైనా రాసి ఉంచానేమోనని నా పాత లాగులు తీశాను. హైమ పోయిన రోజు పేజీ తగిలింది.

"నీటిమట్టం 2.09. గాలి లేదు. వివరం: ఏమీ లేదు."

ఆ రోజు కూడా ఆరింటికి కట్ట మీదికి వెళ్ళాను. అంకె పంపాను. ఆ మాట నేనే రాశాను. నలభై మేటలు విన్నాయి.

వివరం అనే గడిలో ఇరవై మాటలు రాయొచ్చు. గండి పడితే రాయడానికి పెట్టారు. ఇరవై రెండేళ్ళలో నేను అందులో రాసింది ఆ రెండు మాటలే.

మధ్యాహ్నం ఎస్తేరుని అడిగాను, సంత నియమాలు నీటిమట్టం కబురుకి వర్తిస్తాయా అని.

"అవి సంత టైటిళ్ళకే అంకుల్. మీ గడి మీది. నన్ను అడిగినట్టు కూడా నాకు గుర్తుండదు."

గడువు 20 రోజులు

నీటిమట్టం 2.11. వివరం: పైడయ్య గారి సింహాలు. మూడు చీరలు, ఒక లంగా. పసుపు పోలేదు, ఉతికి చూశాం.

ఆరింటికి బూర ఈ మాటలు చదివింది. రోజూ చదివే గొంతే. గండి గురించి ఎలా చదువుతుందో అలాగే చదివింది.

కొలబద్ద దగ్గరి నుంచి చూస్తే మడుల పక్కన పైడయ్య కనిపించాడు. బూర స్తంభం వైపు తిరిగి నిలబడ్డాడు. బూర ఆగాక కూడా అలాగే ఉన్నాడు. తర్వాత తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని మళ్ళీ చుట్టుకున్నాడు.

పది గంటలకి, అంకెలు అందుకునే కేంద్రం నుంచి సందేశం: "వివరం అర్థం కాలేదు. ప్రమాదమా?"

"ప్రమాదం కాదు. వివరం" అని జవాబు పంపాను. మళ్ళీ అడగలేదు.

రోజుకి ఒకటి. 163 రోజులు పడుతుంది. అన్నిటి వంతూ వచ్చేలోపే గడువు అయిపోతుంది కాబట్టి, చేత్తో రాసుకున్న 125నీ ఒక్కొక్కటీ చదివి సంతలో సరిచేశాను. ఈసారి "చదివాను" నొక్కినప్పుడు అది అబద్ధం కాదు.

గడువు 17 రోజులు

నీటిమట్టం 2.15. వివరం: వంటశాల మేరమ్మ ఏడు చీరల బొంత. ముగ్గురు పడతారు, సర్దుకుంటే.

ముప్పై ఏడు దొరికాయి. ఒక్కటి మిగిలింది. ఎవరూ రాలేదు.

ఏ ఇంటిదో తెలుసుకోవడానికి సంతలో ఆ లిస్టింగు తెరిచాను. అన్నిటికన్నా పైన ఉంది. అంటే అన్నిటికన్నా కొత్తది. ఆ రోజు నేను మొదట నొక్కింది ఇదే.

బొంత, నూలు, 6×4 అడుగులు, నీలం-3.

ఫొటోలో బొంత లేదు. మడతపెట్టిన చీరలు ఆరు, ఒకదాని మీద ఒకటి, మా మంచం మీద. పైన ఉన్నది నీలం. పట్టిక దాన్ని నీలం-3 అంటోంది. హైమ దాన్ని వానముందు రంగు అనేది.

పెట్టిన తేదీ, ఆమె పోవడానికి పదకొండు రోజుల ముందు.

స్టాకు: 0.

సందర్శనలు: 1.

ఆ ఒక్క సందర్శన తేదీ కూడా ఉంది. పదమూడు రోజుల కిందట, ఉదయం 7.20. నేనే.

గడువు 16 రోజులు

నీటిమట్టం 2.15. వివరం: నవ్వు ఆపుకోలేని రుక్సానా చున్నీలు పదకొండు. పలచన, వేసవికి.

ఈ రోజు ఇంకేమీ రాయను.

గడువు 15 రోజులు

నీటిమట్టం 2.17. గాలి ఎక్కువ. వివరం: పడవల అప్పన్న లుంగీలు ఆరు. తారు వాసన వస్తే భయపడకండి, ఆయనే.

జుబేదాని అడిగాను. బల్ల మూసేసి నా ఎదురుగా కూర్చుంది. ఆమె ఎప్పుడూ కూర్చోదు.

"తెలుసన్నా. చీరలు మడతపెట్టింది నేనే. ఫొటో తీసింది నేనే. తను లేవలేకపోయింది కదా."

"టైటిల్?"

"అది తనే పలకకి చెప్పుకుంది. నన్ను టీ పెట్టమని వంటింట్లోకి పంపేసింది. నాకా ఏలకులు దొరకలేదు, మీరు ఏ డబ్బాలో ఏం పెడతారో ఎవరికీ తెలియదు. వెతికి తెచ్చేసరికి పని అయిపోయింది."

"ఏమీ వినపడలేదా?"

"లేదన్నా."

"ఒక్క మాటైనా?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏం రాశావే, నాకు చదువు అన్నాను. నవ్వింది. నీకెందుకే, ఆయన చదువుతారులే అంది."

టీ బల్ల మీద ఉప్పు పేరుకుని ఉంది. వేలితో గీకుతూ కూర్చున్నాను. కొంతసేపటికి జుబేదా ఆ వేలు పట్టుకుని ఆపింది.

"ఇరవై ఏళ్ళు దెబ్బలాడారు కదా దాని మీద. నేను పోయాకైనా ఆయన అన్నీ చదవాల్సి వస్తుంది, మొదట నాదే తగులుతుంది అనుకుని ఉంటుంది. దానికి అలాంటి ఉపాయాలంటే ఇష్టం."

నిజంగానే మొదట ఆమెదే తగిలింది.

గడువు 13 రోజులు

నీటిమట్టం 2.16. వివరం: ఎస్తేరు నాయనమ్మ దీనమ్మ, తెల్ల చీరలు ఎనిమిది. ఆదివారం చీర మధ్యలో ఉంది.

ఎస్తేరు ఇంటికే వచ్చింది. పొద్దున బూర విన్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాని గురించి మాట్లాడలేదు.

"అంకుల్, మీ లిస్టింగులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటి తప్ప. అది ఎప్పుడూ అమ్ముడుపోలేదు, స్టాకు సున్నా. లేని వస్తువుకి టైటిల్ ఉండకూడదు. గడువు రోజున పోతుంది."

"ఏం చేస్తే ఉంటుంది?"

"బొంత ఉండాలి. స్టాకు ఒకటి పెట్టాలి. పెడితే అమ్మకానికి పెట్టినట్టే మరి. ఎవరైనా అడిగితే ఇవ్వను అనడానికి లేదు."

ఎస్తేరు చెప్పింది సంత మార్చిన టైటిల్ గురించి. హైమ రాసిన మాట అందులో ఒక్కటీ లేదు. అయినా అది ఆమె పెట్టిన చోటు. అది కూడా పోతే ఆమె పేరున ఏమీ మిగలదు.

ఆ ఆరు చీరలూ పెట్టెలోనే ఉన్నాయి. నాలుగు నెలలుగా పెట్టె తెరవలేదు. తెరిచాను.

గడువు 9 రోజులు

నీటిమట్టం 2.13. వివరం: తాళాలు పోగొట్టుకునే విశాలాక్షి చీరలు అయిదు. కొంగున ముడి విప్పలేదు.

బొంత కుట్టడం జుబేదా నేర్పుతోంది. చీరలు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో వరసగా కుట్టుకుంటూ పోవాలి. చెప్పడానికి అంతే.

"అన్నా, అది కుట్టా, కరకట్టా? అంత వంకరగా ఉందేంటి?"

"కరకట్ట తిన్నగానే ఉంటుంది."

"అయితే దాన్నే కుట్టు."

ఆరు చీరల్లో నాకు రెండే గుర్తున్నాయి. మిగతావి జుబేదా చెప్పింది. ఆకుపచ్చది లాంచీ మునిగిన ఏడాది కొన్నది. గళ్ళవి రెండూ హైమ వదిన పెట్టినవి. మెంతిరంగుది ఎక్కువ కట్టేది, ఇంట్లో. పదేళ్ళు నా కళ్ళ ముందు ఆ చీరలో తిరిగింది. నాకు రంగు గుర్తులేదు.

నాకు తెలిసినవి నీలంది, ఎర్ర అంచుది. ఎర్ర అంచుదానికి జానెడు చిరుగు. నాకు అన్నం తెచ్చినప్పుడు కొలబద్ద నిచ్చెన మేకుకి తగిలి చిరిగింది. ఆ మేకు పీకేస్తానని చెప్పాను. ఈ రోజు వెళ్ళి పీకేశాను.

గడువు 4 రోజులు

నీటిమట్టం 2.12. వివరం: సొరుగులో బెల్లం దాచే గవరమ్మ చీరలు నాలుగు. చీమలు రావు, దులిపాం.

మూడొంతులు అయింది. వేళ్ళకి గుడ్డ చుట్టుకుని కుడుతున్నాను.

జుబేదా బొంత ఒక చివర చేత్తో తడిమి చూసింది.

"ఇటువైపు రెండు పొరలు ఎక్కువ వేశావేంటి? సమంగా ఉండాలి కదా."

"అటు కాళ్ళవైపు."

"అయితే?"

"ఊరికే."

ఆమె సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. తనకీ తెలుసు. హైమకి పాదాలు ఎప్పుడూ చల్లగా ఉండేవి. చలికాలంలో వాటిని తెచ్చి నా పిక్కలకి ఆనించేది. నేను ఉలిక్కిపడి తిట్టేవాణ్ణి.

గడువు ఈ రోజు

నీటిమట్టం 2.10. వివరం: బడి పంతులు సోమనాథం గారి పంచెలు నాలుగు. సుద్ద మరకలు పోలేదు, పోగొట్టలేదు.

బొంత పూర్తయింది. కొత్త ఫొటో తీశాను. స్టాకు ఒకటి అని పెట్టాను. సంత టైటిల్ చూసి "నియమాలకు అనుగుణంగా ఉంది" అంది.

పైడయ్య వచ్చి బొంతని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంట్లో ఉంచేసుకోరాదా బాబూ?"

ఉంచుకోవాలనే ఉంది. కానీ హైమ 162 బొంతల్లో ఒక్కటీ మేటలో ఉంచలేదు. ఎవరైనా అడిగినా ఇచ్చేది కాదు. ఇక్కడ ఉంటే పెట్టెలో పెట్టి ఏడుస్తారు, అక్కడైతే కప్పుకుంటారు అనేది.

అతనికి అదే చెప్పాను.

"అవున్లే. మా సింహాల్ని అడిగితే నన్నూ కసిరింది" అన్నాడు. "మరి మీ ఆవిడది బూరలో ఎప్పుడు చెప్తావు?"

"ఆఖర్న."

"ఏటని చెప్తావు?"

తెలియదన్నాను. లాగ్ వెనక పేజీల్లో 163 వరసలు గీసుకున్నాను. 162 నిండాయి.

గడువు దాటి 3 రోజులు

నీటిమట్టం 2.11. గాలి ఉత్తరం. వివరం: కోపంగా అరిచే, మెల్లగా వడ్డించే శేషారత్నం చీరలు మూడు.

బొంతకి కొనేవాళ్ళు దొరికారు. ముప్పై ఒకటో మేట. లాంచీ గురువారం. కొనే ముందు వాళ్ళొక ప్రశ్న పంపారు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను.

"నా పేరు అచ్చాయమ్మ. మా ఇంట్లో మీ దగ్గర కొన్న సోమనాథం పంతులుగారు ఉన్నారు. ఏడేళ్ళయింది. అల్లరి చేసినప్పుడు పిల్లల్ని పంతులుగారి కింద పడుకోబెడతాను. మూడు రోజుల కిందట పొద్దున బూరలో ఆయన పేరు వచ్చింది, పిల్లలు ఇల్లంతా గంతులేశారు. ఇప్పుడు ఇంకో బొంత కావాలి, మా అత్తగారికి. నీలంది చూశాను. కానీ ఇదివరకు ఎవరివో రాసేవారు, ఇప్పుడు రాయలేదు. ఎవరో తెలియకుండా ఎలా కప్పుకుంటాం? ఇవి ఎవరి చీరలు?"

కొనేవాడికి ఎవరి చీరైతే ఏం అని నేను అన్న మాట ఆమెకి తెలిసే అవకాశం లేదు.

జవాబు రాసే గడికి నియమాలు లేవు. మాటల లెక్క లేదు. పొద్దుటి నుంచి రాసి కొట్టేస్తున్నాను. మొదటిసారి రాసింది మరీ పొడవుగా ఉంది. రెండోది నా గురించి ఉంది. హైమ ఏం రాసి ఉంటుందో అని ఆలోచిస్తే ఒక్క మాటా రావడం లేదు. అది నాకు ఇక దొరకదు. చివరికి నాకు తెలిసిందే రాశాను.

"అచ్చాయమ్మ గారికి. ఇవి హైమవతి చీరలు ఆరు. నా భార్య. మీ పంతులుగారి బొంత కుట్టింది ఆమె. ఈ నీలం పేరు వానముందు రంగు. ఎర్ర అంచు మీద చిరుగు నా వల్ల. కుట్లు వంకర, అవి నావి. కాళ్ళవైపు రెండు పొరలు ఎక్కువ ఉన్నాయి, ఆమెకి పాదాలు చల్లగా ఉండేవి. ఆ వైపు మార్చకుండా కప్పండి."

వెనక పేజీలో 163వ వరసలో కూడా ఇందులోంచి ఇరవై మాటలు రాసుకున్నాను.

పంపు అని నొక్కితే పలక అడిగింది: "పంపాక మార్చడానికి వీలుండదు. చదివారా?"

పలక ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివాను. మళ్ళీ చదివాను. మూడోసారి పైకి చదివాను, గదిలో ఎవరైనా ఉంటే వినపడేట్టు.

అప్పుడు "చదివాను" నొక్కాను.